4 జీబీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: కొత్తవారి కోసం ఒక సమీక్ష

ఈ సమీక్ష విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మింట్ 22.2లో, తేలికైన డెస్క్‌టాప్‌తో వచ్చే ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ గురించి. దాన్ని వాడి చూసిన యంత్రం ఇంటెల్ సెలెరాన్ ఎన్4020 ప్రాసెసర్, బోర్డుకే అతికించిన 4 జీబీ ర్యామ్, 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ (బోర్డు మీదే ఉండే ఫ్లాష్ మెమరీ) ఉన్న ఒక చవక ల్యాప్‌టాప్. తయారీ సంస్థ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే ఇదే ప్రాసెసరుతో, ఇంతే మెమరీతో పేరున్న సంస్థలు చాలావరకు ఏదో ఒక మోడల్‌ను అమ్మాయి. పిల్లల ఆన్‌లైన్ తరగతుల కోసం కొని, తరగతులు అయిపోయాక అల్మారాలో పెట్టేసిన ల్యాప్‌టాప్‌లలో ఈ తరగతివి చాలా ఉన్నాయి. లినక్స్‌ను ఎన్నడూ వాడని, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ కిటికీ తెరవాలంటేనే జంకే మనిషిని దృష్టిలో పెట్టుకుని ఈ మాటలు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటర్నెట్ చూడడం, ఉత్తరాలు రాయడం, లెక్కల పట్టీలు వేసుకోవడం, పిల్లల చదువు, సినిమాలు, పాటలు వంటి పనులకు ఈ యంత్రం మీద మింట్ నిక్షేపంగా పనిచేస్తుంది, ఇన్‌స్టాల్ చేయడం కూడా చాలామంది భయపడేంత కష్టం కాదు. కానీ మీ జీవనాధారం డీటీపీలో వాడే అను ఫాంట్ల మీదో, పేజ్‌మేకర్ మీదో, లెక్కలు రాసే ట్యాలీ మీదో ఆధారపడి ఉంటే ఈ ప్రయోగం మీ ప్రధాన యంత్రం మీద చేయవద్దు. ఈ రెండింటికీ మధ్య ఉన్నవారు మిగిలినది చదివి నిర్ణయించుకోవచ్చు.

లినక్స్‌లో వందల రకాల పంపిణీలు (వేర్వేరు బృందాలు కూర్చి ఇచ్చే రూపాలు) ఉండగా మింట్‌నే ఎందుకు ఎంచుకోవాలన్న ప్రశ్న సహజం. 2006లో క్లెమాన్ లెఫెవ్ర్ మొదలుపెట్టిన ఈ పంపిణీ, ఉబుంటు అనే మరో పంపిణీ ఇచ్చే దీర్ఘకాలిక విడుదలల మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి ఉబుంటుకు దొరికే డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములు), సాఫ్ట్‌వేర్, ఇంటర్నెట్‌లో దొరికే పరిష్కారాలు దాదాపుగా అన్నీ దీనికీ వర్తిస్తాయి. 22 శ్రేణి ఉబుంటు 24.04 మీద నిలబడింది, దానికి 2029 వరకు భద్రతా అప్‌డేట్‌లు వస్తాయి. మెనూ ఎడమ మూలన, గడియారం కుడి మూలన, కింద టాస్క్‌బార్ ఉండే ఏర్పాటు వల్ల విండోస్ నుంచి వచ్చినవారికి చెయ్యి తడబడదు. మింట్‌లో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు ఎడిషన్లు ఉన్నాయి. డౌన్‌లోడ్ పేజీలో మొదట కనిపించేది, చూడ్డానికి అందంగా ఉండేది సినమన్ అయినా, 4 జీబీ ర్యామ్ ఉన్నవారు ఆ అందానికి లొంగకుండా ఎక్స్‌ఎఫ్‌సీఈనే తీసుకోవాలి. మింట్ సంస్థ చెప్పే కనీస అవసరం 2 జీబీ ర్యామ్, సౌకర్యంగా వాడడానికి 4 జీబీ.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగించింది. దానితో పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నవారు చాలామంది లినక్స్ వైపు చూడడం మొదలుపెట్టారు. మా యంత్రం పరిస్థితి కాస్త భిన్నం. ఇది విండోస్ 11తోనే వచ్చింది, ఎందుకంటే విండోస్ 11 కోరే కనీస హద్దులు 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ అయితే, దీనిలో ఉన్నవి కూడా సరిగ్గా అంతే. ప్రవేశ పరీక్షలో పాస్ మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన తరగతిలో నెగ్గుకురాలేనట్టు, ఈ హద్దును తాకిన యంత్రం బ్రౌజర్ తెరవగానే ఆయాసపడుతుంది. పైగా విండోస్ తానే స్టోరేజీలో సగం దాకా ఆక్రమించి, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఇంకా చోటు కావాలని అడుగుతుంది.

ఇన్‌స్టలేషన్ కంటే దాని ముందు చేయవలసిన పనులే ముఖ్యమైనవి, కొత్తవారు తొందరపడేదీ అక్కడే. ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, ఆధార్, పాన్ ప్రతులు వంటివన్నీ బయటి డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడుతున్న విండోస్ 11 యంత్రాలలో స్టోరేజీ మీకు తెలియకుండానే ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేని విధంగా తాళం పడి) ఉండవచ్చు. విండోస్‌ను కూడా ఉంచుకుంటూ పక్కన లినక్స్ వేయాలనుకుంటే, ఆ ఖాతాలోకి వెళ్లి ఆ తాళం తీసే బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకూడదు. బయాస్‌లో (యంత్రం ఆన్ కాగానే నడిచే మూల అమరికల తెరలో) ఏదైనా అమరిక మారిస్తే విండోస్ ఆ కీ అడగవచ్చు, అది లేకపోతే లోపలి ఫైళ్లు ఇక దక్కవు. విండోస్‌ను పూర్తిగా తీసేసేవారికి ఈ బెడద లేదు. విండోస్‌తో కొన్న ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే భద్రంగా ఉంటుంది కాబట్టి, లినక్స్ నచ్చకపోతే తర్వాత ఎప్పుడైనా అదే విండోస్‌ను తిరిగి వేసుకోవచ్చు. డబ్బు పెట్టి కొన్న విండోస్ పోతుందేమోనన్న బెంగ ఒక్కటే అడ్డుగా ఉన్నవారు నిశ్చింతగా ఉండవచ్చు.

తర్వాతి పని మింట్ ఐఎస్ఓ ఫైలును (ఇన్‌స్టాల్ చేయవలసినదంతా ఒకే ఫైలుగా ఉండే ప్రతిని) దించుకోవడం. అది దాదాపు మూడు జీబీలు ఉంటుంది కాబట్టి మొబైల్ డేటా మీద ఆధారపడేవారు రోజువారీ కోటా చూసుకోవాలి. దించుకున్న ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో ఫైలుకు వేలిముద్ర లాంటి ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యతో సరిచూసుకోమని మింట్ వెబ్‌సైట్ చెబుతుంది. చాలామంది దీన్ని దాటవేస్తారు గానీ, సగంలో తెగిన డౌన్‌లోడ్ వల్ల ఇన్‌స్టలేషన్ మధ్యలో వింత లోపాలు వస్తే కారణం వెతకడానికి పట్టే సమయంతో పోలిస్తే ఈ తనిఖీకి పట్టేది క్షణాలే. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే దాని నుంచి యంత్రం బూట్ కాదు, అంటే మొదలు కాదు. రూఫస్ లేదా బలేనా ఎచర్ వంటి సాధనంతో రాయాలి, అలా రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ఇక్కడ చవక ల్యాప్‌టాప్‌లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. వీటిలో కొన్ని విండోస్ ఎస్ మోడ్‌తో వస్తాయి, ఆ మోడ్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో లేని ప్రోగ్రాములేవీ నడవవు, వెబ్‌సైట్ నుంచి దించుకున్న రూఫస్ కూడా నడవదు. ఎస్ మోడ్ నుంచి ఉచితంగానే బయటికి రావచ్చు, కానీ ఒకసారి వచ్చాక తిరిగి దానిలోకి వెళ్లడం ఉండదు. ఇంట్లో వేరే కంప్యూటర్ లేనివారికి, విండోస్ లేకుండా డాస్‌తో ల్యాప్‌టాప్ కొన్నవారికి ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్ వేసుకుని, ఓటీజీ కేబుల్‌తో పెన్‌డ్రైవ్ తగిలిస్తే ఫోను నుంచే రాయవచ్చు.

పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడానికి నొక్కవలసిన కీ సంస్థను బట్టి మారుతుంది. సాధారణంగా ఎఫ్ 12, ఎఫ్ 9, ఎఫ్ 2, ఎస్కేప్ వీటిలో ఏదో ఒకటి అవుతుంది. కొన్ని యంత్రాలలో బూట్ మెనూను ముందుగా బయాస్‌లోకి వెళ్లి ఆన్ చేయవలసి ఉంటుంది. గుర్తింపు సంతకం ఉన్న వ్యవస్థలనే మొదలు కానిచ్చే సెక్యూర్ బూట్‌ను తప్పనిసరిగా ఆపేయాలని పాత పాఠాలన్నీ చెబుతాయి గానీ, మింట్ సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతుంది. మా యంత్రంలో దాన్ని ముట్టుకోవలసిన అవసరం రాలేదు. విండోస్‌తో కలిపి వాడేవారు మాత్రం 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ వల్ల పాత బూట్ లోడర్లు (వ్యవస్థను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాములు) ఉన్న లినక్స్ యంత్రాలు కొన్ని మొరాయించిన సంగతి గుర్తుంచుకోవాలి. రెండు వ్యవస్థలు ఒకే డిస్కు మీద కాపురం చేస్తే ఇలాంటి తగాదాలు అప్పుడప్పుడూ తప్పవు. 64 జీబీ స్టోరేజీలో ఆ జంట కాపురానికి చోటే లేదన్నది వేరే మాట. ఈ తరగతి ల్యాప్‌టాప్‌లో రెండింటినీ ఉంచుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వను.

మింట్ పెన్‌డ్రైవ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది, ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే మొత్తం డెస్క్‌టాప్‌ను నడిపి చూపించే లైవ్ పద్ధతి. పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తున్నందువల్ల నెమ్మదిగా ఉంటుంది, కాబట్టి వేగాన్ని దానితో అంచనా వేయకూడదు. కానీ హార్డ్‌వేర్ అంతా పనిచేస్తుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకు మించిన అవకాశం లేదు. వైఫై కనెక్ట్ అవుతుందా, స్పీకర్లలోనూ ఇయర్‌ఫోన్‌లోనూ శబ్దం వస్తుందా, మైకు, కెమెరా పనిచేస్తున్నాయా, తెర వెలుతురు తగ్గించే కీలు స్పందిస్తున్నాయా, మూత వేసి తీస్తే యంత్రం తిరిగి లేస్తుందా అన్నవి ఒక్కొక్కటిగా చూడాలి. చవక ల్యాప్‌టాప్‌లలో ఇబ్బంది వస్తే వైఫై చిప్ దగ్గరో, సౌండ్ చిప్ దగ్గరో వస్తుంది. ఈఎస్8336 అనే సౌండ్ చిప్ లినక్స్ వాడేవారిని చాలాకాలం ఏడిపించింది. రియల్‌టెక్ వైఫై చిప్‌లలో చాలావాటికి లినక్స్ మూల భాగమైన ఇప్పటి కెర్నల్‌లోనే డ్రైవర్ ఉంది, బ్రాడ్‌కామ్ వాటిలో కొన్నింటికి డ్రైవర్ మేనేజర్ ద్వారా విడిగా తెచ్చుకోవాలి. అయితే వైఫై లేకుండా వైఫై డ్రైవర్ దించుకోవడమెలా అని దిగులు పడనక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి ఫోను ఇంటర్నెట్‌ను పంచే టెథరింగ్ ఆన్ చేస్తే మింట్ ఏ డ్రైవరూ అడగకుండా దాన్ని గుర్తుపడుతుంది. లైవ్‌లో పనిచేయని పరికరం ఇన్‌స్టాల్ చేశాక తనంతట తాను బాగుపడుతుందని మాత్రం ఆశించవద్దు.

అసలు ఇన్‌స్టలేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. భాష, కీబోర్డు, కాలమండలం దగ్గర కోల్‌కతా, పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. మల్టీమీడియా కోడెక్‌ల (వీడియో, ఆడియో ఫైళ్లను విప్పే సాధనాల) దగ్గర టిక్ పెట్టడం మరచిపోకూడదు, అది లేకపోతే కొన్ని వీడియో ఫైళ్లు తెరుచుకోవు. జాగ్రత్త అవసరమైన తెర ఒక్కటే, డిస్కు ఎంచుకునే తెర. ఈఎంఎంసీ స్టోరేజీ ఇక్కడ ‘ఎంఎంసీ’తో మొదలయ్యే పేరుతో కనిపిస్తుంది. హార్డ్ డిస్కు అంటే ‘ఎస్‌డీఏ’ అని ఎక్కడో చదువుకుని వచ్చినవారికి ఇలాంటి యంత్రంలో ఆ పేరుతో కనిపించేది తాము తగిలించిన పెన్‌డ్రైవో, బ్యాకప్ డ్రైవో అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే పేరుకంటే పరిమాణం చూసి ఎంచుకోవాలి, బ్యాకప్ డ్రైవ్‌ను ఆ సమయంలో అసలు తగిలించి ఉంచకూడదు.

వ్యవస్థ లేచాక స్వాగత కిటికీ చెప్పే పనులను వరసగా చేసుకుంటూ పోతే చాలు. అప్‌డేట్ మేనేజర్ దగ్గరలోని సర్వర్‌కు మారమని అడిగినప్పుడు మారితే డౌన్‌లోడ్ వేగం పెరుగుతుంది. టైమ్‌షిఫ్ట్ అనే సాధనం వ్యవస్థ ప్రతులను దాచిపెట్టి, ఏదైనా చెడితే వెనక్కి తీసుకెళ్తుంది. కొత్తవారికి ఇది ప్రాణం లాంటిది, కానీ 64 జీబీలో దాన్ని రోజూ నడిపితే చోటు అయిపోతుంది కాబట్టి వారానికి ఒకటి చొప్పున రెండు ప్రతులకు పరిమితం చేయడం మేలు. ఇదే చోటు సమస్య సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనూ ఎదురవుతుంది. ఒకే ప్రోగ్రాము కొన్నిసార్లు సిస్టమ్ ప్యాకేజీగానూ, ఫ్లాట్‌ప్యాక్‌గానూ దొరుకుతుంది. ఫ్లాట్‌ప్యాక్‌లో కొత్త వెర్షన్ ఉంటుంది గానీ, తనతోపాటు వందల ఎంబీల సరంజామాను వెంటబెట్టుకుని వస్తుంది. ఇలాంటి యంత్రంలో సిస్టమ్ ప్యాకేజీనే మొదటి ఎంపిక కావాలి.

ఇక వేగం సంగతి. ఏ ప్రోగ్రామూ తెరవనప్పుడు ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఒక జీబీ లోపు మెమరీతో సరిపెట్టుకుంటుంది, కాబట్టి మూడు జీబీలు మన పనులకు మిగులుతాయి. ఎంఎస్ ఆఫీస్‌కు బదులుగా వాడే లిబ్రేఆఫీస్‌లో ఉత్తరం, ఫైర్‌ఫాక్స్‌లో నాలుగైదు ట్యాబ్‌లు, వెనక ఒక పాట ఉన్నా యంత్రం ఇబ్బంది పడదు. ట్యాబ్‌లు పదికి మించి, వాటిలో వాట్సాప్ వెబ్, వీడియో కాల్ కూడా ఉంటే అప్పుడు నత్తనడక మొదలవుతుంది. ఇక్కడ లినక్స్ అభిమానులు కొందరు చెప్పే అతిశయోక్తులను నమ్మవద్దు. వ్యవస్థ తేలికైనంత మాత్రాన ఇప్పటి వెబ్‌సైట్లు తేలికవవు, రెండు కోర్ల సెలెరాన్ నాలుగు కోర్లది కాదు. మెమరీని కుదించి వాడే జెడ్‌ర్యామ్ ప్యాకేజీని సాఫ్ట్‌వేర్ మేనేజర్ నుంచి వేసుకుంటే ఒత్తిడి కొంత తగ్గుతుంది. యూట్యూబ్ వీడియోలు ఆగి ఆగి నడుస్తుంటే కారణం చాలాసార్లు ఏవీ1 అనే కొత్త కోడెక్. ఎన్4020లోని గ్రాఫిక్స్ హెచ్.264ను, వీపీ9ను హార్డ్‌వేర్‌లోనే విప్పగలదు గానీ ఏవీ1ను విప్పలేదు, ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్ లోపలి అమరికలలో ఏవీ1ను ఆపేస్తే యూట్యూబ్ వేరే కోడెక్‌లో పంపుతుంది, వీడియో సాఫీగా సాగుతుంది. ఈ ఒక్క మార్పుతో వచ్చే తేడా మిగిలిన చిట్కాలన్నీ కలిపినా రాదు.

తెలుగు విషయంలో నేను ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే మనవారికి అది అదనపు సౌకర్యం కాదు, నిత్యావసరం. తెలుగు చదవడానికి ఏమీ చేయనక్కర్లేదు. ఒత్తులు, గుణింతాలు బ్రౌజర్‌లోనూ, లిబ్రేఆఫీస్‌లోనూ సరిగ్గానే కూడుకుంటాయి. రాయడానికి రెండు దారులున్నాయి. తెలుగు అక్షరాల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ వచ్చినవారు కీబోర్డు అమరికల్లోకి వెళ్లి భారతీయ విభాగంలో తెలుగు లేఅవుట్‌ను చేర్చుకుంటే సరిపోతుంది, కొత్తగా ఏ ప్యాకేజీ వేయనక్కర్లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవారు ఐబస్ అనే టైపింగ్ సాధనాన్ని, దానితోపాటు ఎం17ఎన్ ప్యాకేజీని వేసుకోవాలి. అందులో ఇంగ్లీషు అక్షరాలను తెలుగులోకి మార్చే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు ఉంటాయి. లేఖిని వెబ్‌సైట్ వాడినవారికి ఆర్‌టీఎస్ వెంటనే చేతికి వస్తుంది. ఫోనులో గూగుల్ కీబోర్డు ఊహించి ఇచ్చే పదాలకు అలవాటుపడినవారికి మాత్రం ఇది మొదట విసుగు తెప్పిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ఏది కొడితే అదే వస్తుంది, దీర్ఘాలూ ఒత్తులూ మనమే గుర్తుపెట్టుకుని కొట్టాలి. నా మటుకు నాకు అదే నమ్మకంగా అనిపిస్తుంది.

ఫాంట్ల కొరత కూడా లేదు. నోటో, లోహిత్ కాక పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీగా, సూరన్న, మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ వంటివి తెలుగువిజయం పేరుతో మరో ప్యాకేజీగా సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. లిబ్రేఆఫీస్‌లో ఒక సంగతి తెలుసుకోవాలి. అది తెలుగును సంక్లిష్ట లిపుల వర్గంలో ఉంచి, ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగుకు వేరొక ఫాంటు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. భాషా అమరికలలో ఆ వర్గాన్ని ఆన్ చేసి తెలుగును ఎంచుకుంటే, ఫాంటు మార్చినా అక్షరాలు మారడం లేదన్న అయోమయం పోతుంది. విండోస్‌లో గౌతమి, వాణి, నిర్మల ఫాంట్లతో తయారైన వర్డ్ ఫైళ్లు ఇక్కడ తెరుచుకుంటాయి గానీ ఆ ఫాంట్లు లేనందువల్ల వేరే ఫాంటులో కనిపించి పేజీల లెక్క మారిపోతుంది. పంపేవారిని పీడీఎఫ్ కూడా జత చేయమని కోరడం సులువైన మందు. మింట్ మెనూలనే తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ అనువాదం అసంపూర్ణంగా ఉండి సగం తెలుగు, సగం ఇంగ్లీషుగా కనిపిస్తుంది కాబట్టి కొత్తవారు మెనూలను ఇంగ్లీషులోనే ఉంచుకుని రాతను తెలుగులో సాగించడం మంచిది. సాయం కావలసిన విద్యార్థులకు హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేసే స్వేచ్ఛ సంస్థవారు మంచి ఆధారం.

పనిచేయనివాటి గురించి కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. మన ఊళ్లలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే డీటీపీ కేంద్రాలు ఇప్పటికీ అను ఫాంట్లతో, పేజ్‌మేకర్‌తో, ఫోటోషాప్‌తో నడుస్తున్నాయి. అను యూనికోడ్ (అన్ని యంత్రాలలో ఒకేలా చదవగలిగే అక్షర ప్రమాణం) కాదు, దాని కీబోర్డు సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం రాసినది, కాబట్టి ఆ ఫైళ్లు మింట్‌లో తెరిచినా అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. ట్యాలీ కూడా విండోస్ ప్రోగ్రామే. వైన్ అనే సాధనంతో కొన్ని విండోస్ ప్రోగ్రాములను నడపవచ్చన్నది నిజమే, కానీ నెలాఖరు లెక్కలను దాని మీద వదిలేయమని కొత్తవారికి చెప్పడం భావ్యం కాదు. ఆన్‌లైన్ పరీక్షలు రాసే విద్యార్థులు తమ కళాశాల వాడే పరీక్షా సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడుస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. ఉదాహరణకు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. ప్రింటర్లలో ఈమధ్య వచ్చిన వైఫై ప్రింటర్లు చాలావరకు డ్రైవర్ లేకుండానే పనిచేస్తాయి, హెచ్‌పీ వాటికి మద్దతు బాగుంది. కానన్ సంస్థ సొంత క్యాప్ట్ పద్ధతి మీద నడిచే పాత లేజర్ ప్రింటర్లకు డ్రైవర్ కుదర్చడం మాత్రం కొత్తవారి పని కాదు.

కేవలం లినక్స్ కోసమే చవకగా ల్యాప్‌టాప్ కొనదలచినవారికి ఒక మాట. ఇలాంటి కొత్త సెలెరాన్ యంత్రానికి పెట్టే డబ్బుతో సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనే కంప్యూటర్ల మార్కెట్ వంటి చోట్ల, కంపెనీలు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్ గానీ, డెల్ లాటిట్యూడ్ గానీ, హెచ్‌పీ ఎలైట్‌బుక్ గానీ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీతో దొరకవచ్చు. చాలా మోడళ్లలో ర్యామ్‌ను, డిస్కును తర్వాత మార్చుకోవచ్చు, లినక్స్‌కు వీటి హార్డ్‌వేర్ బాగా అలవాటు. బ్యాటరీ ఎంత మిగిలిందన్నది, తెర మీద మచ్చలున్నాయా అన్నది అందరూ చూస్తారు. అంతకంటే ముఖ్యంగా బయాస్‌కు పాత కంపెనీవారి పాస్‌వర్డ్ మిగిలి ఉందేమో చూడాలి, ఎందుకంటే అది ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడమే కుదరకపోవచ్చు. మింట్ రాసిన పెన్‌డ్రైవ్‌ను వెంట తీసుకెళ్లి, డబ్బు చెల్లించకముందే దుకాణదారు ఎదుటే లైవ్‌లో నడిపి, వైఫై, శబ్దం, కెమెరా, కీబోర్డులోని ప్రతి కీ పరీక్షించండి. అందుకు ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు.